కారు నాది, సంతకం నాది, మాట్లాడాల్సింది నాతో

సామర్లకోట,
2025 ఆగస్టు 4.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: సెకండ్ హ్యాండ్ కారు ఇన్సూరెన్స్ పాలసీని నా పేరు మీదకి మార్చకుండా 49 రోజులుగా తిప్పుతున్న సంగతి.

అయ్యా,

నా వయసు 19. ఈ మాట మొదటే రాస్తున్నాను, ఎందుకంటే మీ వాళ్ళలో ఎవరితో మాట్లాడినా రెండో నిమిషంలో అడిగేది అదే. చెప్పగానే గొంతు మారిపోతుంది. అప్పటిదాకా "మేడమ్" అన్నవాళ్ళు "అమ్మా" అంటారు, ఆ వెంటనే "ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వమ్మా" అంటారు.

మా ఊళ్ళో రిటైరైన మాస్టారి దగ్గర వ్యాగన్ ఆర్ కొన్నాను. ఆయన కారుని చాలా జాగ్రత్తగా వాడారు, ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదు. ఆర్సీ నా పేరు మీదకి మారింది జూన్ 12న. నాకు 18 నిండాక లెర్నర్స్ తీసుకుని, పరీక్ష ఇచ్చి తెచ్చుకున్న లైసెన్సు ఉంది. మాస్టారి పాలసీ మీ కంపెనీదే, వచ్చే జనవరి 20 దాకా గడువుంది. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్ళు 14 రోజుల్లోపు మీకు దరఖాస్తు పెట్టాలి. నేను నాలుగో రోజునే, జూన్ 16న, ఆర్సీ, లైసెన్సు, ఆధార్, మాస్టారి సంతకంతో ఉన్న కాగితం అన్నీ మెయిల్ చేశాను. మాస్టారి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే 50 శాతం తగ్గింపు, ఆయనదే గానీ బండిది కాదని, మిగిలిన నెలలకి ఆ తేడా నేనే కట్టాలని కూడా నాకు తెలుసు. ఎంతో చెప్తే వెంటనే కడతానని ఆ మెయిల్లోనే రాశాను.

ఆ మెయిల్‌కి జవాబు రాలేదు. టోల్ ఫ్రీకి ఫోన్ చేస్తే ఆ తేడా 1,983 రూపాయలూ పన్నూ అన్నారు, లింక్ పంపిస్తామన్నారు. రాలేదు. మళ్ళీ చేస్తే ఇంకో అబ్బాయి 5,200 అన్నాడు, ఎలా వచ్చిందని అడిగితే సిస్టమ్‌లో అలాగే ఉందన్నాడు. మూడోసారి మాట్లాడిన అమ్మాయి, ఇదంతా ఎందుకు, పాతది వదిలేసి కొత్త పాలసీ తీసుకోమంది. ఏడు నెలల గడువున్న పాలసీని ఎందుకు వదిలెయ్యాలో మాత్రం చెప్పలేదు.

జూన్ 23న కాకినాడలో మీ బ్రాంచికి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన నా కాగితాలు విప్పి చూడకుండానే "నాన్నగారిని తీసుకురా పాపా, ఈ పనులు నీకు అర్థం కావు" అన్నారు. ఆర్సీ నా పేరు మీదే ఉందండీ అన్నాను. "అసలు నాన్నగారి పేరు మీద పెట్టుకోవాల్సింది" అన్నారు. చివరికి కాగితాలు చూసి, ఎండార్స్‌మెంట్ (పాలసీలో పేరు మార్చడం) మా చేతిలో లేదు, కాల్ సెంటర్‌కి చెయ్యి అన్నారు. అక్కడే, ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని చేశాను. పన్నెండు నిమిషాలు పాట వినిపించాక ఒకాయన ఎత్తి, "దగ్గర్లోని బ్రాంచికి వెళ్ళండి" అన్నాడు. బ్రాంచిలోనే ఉన్నానండీ అంటే, అయితే వాళ్ళనే మెయిల్ పెట్టమనండి అన్నాడు. ఆ మాట కౌంటర్లో ఆయనకి చెప్తే భోజనానికి లేచి వెళ్ళిపోయారు. అప్పటికి పన్నెండున్నర కూడా కాలేదు. నేను రెండు గంటల దాకా కూర్చున్నాను. ఆయన తిరిగొచ్చాక నా వంక చూడలేదు, నా తర్వాత వచ్చిన ఇద్దరిని పిలిచారు.

జూన్ 30న మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. 14 రోజుల గడువు దాటింది కాబట్టి బండి తనిఖీ చేయాలట. నాలుగో రోజున పెట్టిన దరఖాస్తుని మీ దగ్గర పెట్టుకుని, రోజులు గడిపింది మీరు. గడువు దాటించానన్న మాట నా మీద పడింది.

సరే, తనిఖీ చేసుకోండి అన్నాను. జూలై 9న పది, రెండు మధ్యలో మనిషి వస్తాడన్నారు. ఆ రోజు మా నాన్నకి ఫిజియోథెరపీ ఉంది. మానేసి, కారు కడిగి ఇంటి ముందు పెట్టి సాయంత్రం దాకా చూశాను. ఎవరూ రాలేదు. మర్నాడు ఫోన్ చేస్తే "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసుందన్నారు. నేను గుమ్మంలోనే కూర్చున్నాను సార్. ఎవరు రాశారో, ఎక్కడ కూర్చుని రాశారో మీరే కనుక్కోండి.

ఇప్పుడు జూలై 3 సంగతి రాస్తాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మా నాన్నకి పోయిన నవంబరులో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తున్నారు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, కానీ అనుకున్న మాట నోటికి రాదు. వారానికి మూడు రోజులు కాకినాడ తీసుకెళ్ళాలి. ఆటోలో ఎక్కించాలన్నా దించాలన్నా ఇద్దరు కావాలి, గోతుల్లో పడ్డప్పుడల్లా ఆయన నొప్పి ఓర్చుకోవడం చూడలేకపోయాం. అమ్మ నానుతాడు కుదువ పెట్టింది, నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్నది కలిపాను, అలా వచ్చింది ఈ కారు. ఇంట్లో డ్రైవింగ్ వచ్చినది నాకొక్కదానికే. అందుకే నా పేరు మీద కొన్నాం.

ఇదంతా జూలై 3న మీ మనిషికి ఫోన్లో చెప్పాను. అంతా విని, "అయినా ఒకసారి నాన్నగారికి ఇవ్వండి, కన్ఫర్మ్ చేసుకుంటాం" అన్నాడు. దేనికి కన్ఫర్మ్? పాలసీలో గానీ ఆర్సీలో గానీ మా నాన్న పేరే లేదు. మాట్లాడలేరని మళ్ళీ చెప్పాను. పక్కనే ఉన్న నాన్న ఎడంచేత్తో ఫోన్ అడిగి తీసుకున్నారు. కూతురి పని తన వల్ల ఆగకూడదనుకున్నారు. "అ... అమ్మా... అమ్మాయి..." అని మూడుసార్లు ప్రయత్నించారు. అవతల నుంచి "హలో, సరిగ్గా మాట్లాడండి సార్, వినపడట్లేదు" అన్న మాట స్పీకర్లో మా అమ్మ కూడా విన్నది. ఫోన్ పెట్టేశాడు. నాన్న ఆ ఫోన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆ రోజు అన్నం తినలేదు.

ఆయన సామర్లకోట రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేశారు. ఆయన స్కూటర్‌కి 2006 నుంచి మీ పాలసీయే. గడువుకి వారం ముందే వెళ్ళి కట్టేవారు. ఒక్క ఏడాది తప్పలేదు, ఒక్క రూపాయి క్లెయిమ్ అడగలేదు. ఆ కాగితాలన్నీ బీరువాలో, నా టెన్త్ సర్టిఫికెట్ ఉన్న కవర్లోనే ఉన్నాయి. ఆయనకి ఆ కాగితాల మీద అంత నమ్మకం. ఆ మనిషినే మీరు సరిగ్గా మాట్లాడమన్నారు.

జూలై 19న కాకినాడ భానుగుడి సెంటర్లో వెనకనుంచి ఆటో తగిలి డిక్కీ నొక్కుకుపోయింది. డెంటింగు, పెయింటింగు కలిపి 6,400 అయింది. పాలసీ నా పేరు మీద లేదు కాబట్టి ఓన్ డ్యామేజ్, అంటే నా బండికి అయిన నష్టం, రాదని మీ వాళ్ళే చెప్పారు, నేనే కట్టుకున్నాను. ఆ డబ్బు కోసం ఈ ఉత్తరం రాయట్లేదు. కానీ ఆ రోజు వెనక సీట్లో నాన్న ఉన్నారు. యజమాని డ్రైవర్‌కి ఇచ్చే 15 లక్షల ప్రమాద బీమా కూడా ఇంకా మాస్టారి పేరు మీదే ఉంది. నాకేదైనా అయి ఉంటే మా అమ్మ మీ కౌంటర్ దగ్గరికొచ్చి ఎవరిని అడగాలి?

మీ దగ్గర నాలుగు ఫిర్యాదు టికెట్లు తెరిచాను. నాలుగూ "పరిష్కరించబడింది" అని మూసేశారు.

దరఖాస్తు పెట్టిన జూన్ 16 తేదీనే లెక్కలోకి తీసుకుని పాలసీ నా పేరు మీదకి మార్చండి. బోనస్ తేడా ఎంతో లెక్క రాసి పంపండి, అదే రోజు కడతాను. తనిఖీ కావాలంటే రండి, కానీ రాకుండా వచ్చామని రాయొద్దు. జూలై 3న మాట్లాడిన కాల్ రికార్డు మీ దగ్గర ఉంటుంది. మీరు స్వయంగా వినండి. విన్నాక మా ఇంటికి ఉత్తరం రాయండి, నా పేరు మీద కాదు, నాన్న పేరు మీద. ఆయనకి మాట రాదు గానీ చదవడం వచ్చు.

రెండు వారాల్లో జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) వాళ్ళ బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెడతాను, వాళ్ళ ఫోన్ నంబరు 155255కి చెప్తాను. ఈ ఉత్తరం అందిన నెలలోపు తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, పెద్దవాళ్ళని తీసుకురమ్మని కూడా అడగరు. జనవరి 20 తర్వాత ఈ కారుకీ, మా నాన్న స్కూటర్‌కీ మీ పాలసీ ఉండాలా వద్దా అన్నది ఇంట్లో ముగ్గురం కూర్చుని నిర్ణయించుకుంటాం. నాన్న తల ఎటు ఊపితే అటు.

ఆర్సీ, లైసెన్సు, జూన్ 16 నాటి మెయిల్, నాలుగు టికెట్ల నంబర్లు జత చేశాను. ఇవి మీకు పంపడం ఇది ఐదోసారి.

ఇట్లు,
కారు యజమాని