పుత్తూరు కారు విషయంలో మా పొరపాటు, కీ పనుల్లో మేము మార్చుకున్న పద్ధతి

తిరుపతి కరకంబాడి రోడ్డులోని మా ఆటో ఎలక్ట్రికల్ షాపును నమ్మి వస్తున్న వాహనదారులందరికీ నమస్కారం. గత వేసవిలో ఒక కారు కీ విషయంలో మేము చేసిన పొరపాటును, ఆ తరువాత మార్చుకున్న పని పద్ధతిని మీకు తెలియజేయడం నా బాధ్యత అనుకొని ఇది రాస్తున్నాను.

పుత్తూరు నుంచి ఒక టీచరు గారు తమ కారు తీసుకువచ్చారు. ఉదయం పూట బండి చక్కగా స్టార్ట్ అవుతోందని, మధ్యాహ్నం ఎండలో నిలిపి వచ్చిన తరువాత మాత్రం సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ ఒకటి రెండు క్షణాలు అందుకొని ఆగిపోతోందని, అప్పుడు మీటరులో తాళంచెవి బొమ్మ ఉన్న ఎర్రలైటు మిణుకుతోందని ఆమె వివరంగా చెప్పారు. కీ తలలో బండి గుర్తుపట్టే చిన్న చిప్ ఉంటుంది; మేము ఆమె కీని ఆ చిప్ నంబరు చదివే రీడర్ మీద పెడితే మొదటిసారి నంబరు రాలేదు, రెండోసారి వచ్చింది. దానితో చిప్ బలహీనపడిందని తేల్చేసి, కొత్త కీ కోసి, దాన్ని బండి గుర్తించేలా కోడింగ్ చేసి, 4,500 రూపాయలు తీసుకున్నాము. మొదటిసారి నంబరు రాకపోవడానికి మేము కీని రీడర్ మీద సరిగా ఆనించకపోవడమే కారణమని ఇప్పుడు నాకు తెలుసు. పదకొండు రోజుల తరువాత శ్రీకాళహస్తి గుడి పార్కింగ్ నుంచి ఆమె ఫోన్ చేశారు. కొత్త కీతోనూ అదే ఎర్రలైటు, అదే తంతు.

మా కుర్రవాడు బైకు మీద వెళ్లి స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవరు విప్పి, కీ పెట్టే రంధ్రం చుట్టూ ఉండే కాయిల్ కనెక్టరును బొటనవేలితో నొక్కి పట్టుకుంటే లైటు ఆరిపోయింది, వదిలితే మళ్లీ మిణికింది. షాపుకు తెచ్చి భూతద్దం కింద చూసినప్పుడు, కనెక్టరు పిన్ను చుట్టూ వేసిన సోల్డరులో (కరిగించి అతికిన లోహంలో) వెంట్రుకవాసి పగులు కనిపించింది. చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండే ఆ పగులు, ఎండకు బండి లోపల వేడెక్కినప్పుడు విడిపోతోంది. ‘మధ్యాహ్నం మాత్రమే’ అని ఆమె మొదటి రోజే చెప్పిన మాటలోనే సమాధానం ఉంది. విన్నాము గాని పట్టించుకోలేదు. కాయిల్ మార్చి, దాని ఖరీదు మాత్రమే తీసుకొని, కీ కోసం తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చాము.

సరైన కీ లేకుండా ఇంజిన్ నడవకుండా ఆపే ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు; అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మా తప్పు ఎక్కడ జరిగిందో మీకు స్పష్టమవుతుంది. కీ తలలో ఉండే చిప్‌కు సొంత బ్యాటరీ ఉండదు. మీరు కీ తిప్పగానే తాళం చుట్టూ ఉన్న కాయిల్ చాలా బండ్లలో 125 కిలోహెర్ట్జ్ తరంగాన్ని పంపుతుంది, ఆ తరంగం నుంచే చిప్ తనకు కావలసిన కరెంటు తీసుకొని, తన గుర్తింపును తిరిగి చెబుతుంది. ఆ గుర్తింపు సరిపోతేనే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు పెట్రోలును, స్పార్కును అనుమతిస్తుంది. కాబట్టి చిప్, కాయిల్, వాటి మధ్య వైర్లు, కంప్యూటరు, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే బండి బ్యాటరీ, వీటిలో ఏది తప్పినా మీటరులో కనిపించేది ఆ ఒక్క ఎర్రలైటే. తలుపులు తెరిచే రిమోటు వ్యవహారం వేరు. అది కీలో ఉన్న 3 వోల్టుల సెల్లు మీద నడుస్తుంది. రిమోటు పనిచేస్తోంది కాబట్టి చిప్ బాగుందని గాని, సెల్లు అయిపోయింది కాబట్టి బండి స్టార్ట్ కావడం లేదని గాని, తిప్పే కీ ఉన్న బండ్లలో అనుకోకూడదు.

అందువల్ల ఇకపై మా దగ్గరకు వచ్చేటప్పుడు ఇంట్లో దాచిన రెండో కీని కూడా దయచేసి తీసుకురండి. రెండో కీతో బండి స్టార్ట్ అయితే లోపం మొదటి కీలో ఉన్నట్టు, రెండూ ఒకేలా మొరాయిస్తే లోపం దాదాపుగా బండిలోనే ఉన్నట్టు. ఇంత సులువైన పరీక్షను ఆ టీచరు గారి విషయంలో మేము అడగనే లేదు, ఆమె రెండో కీ ఇంట్లో బీరువాలోనే ఉంది. రెండు కీలను ఒకే రింగుకు తగిలించి ఉంటే విడదీసి ప్రయత్నించండి. పక్కన మరో చిప్ కీ ఉంటే కాయిల్ తికమకపడి ఏదీ చదవలేకపోవచ్చు.

ఆ తరువాత మేము బ్యాటరీ చూస్తాము. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పూర్తిగా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9 వోల్టుల దిగువకు పడిపోతే కంప్యూటర్లు తడబడి, బాగున్న కీని కూడా గుర్తించకపోవచ్చు. టెర్మినల్ మీద పట్టిన తెల్లటి బూడిద, వదులైన ఎర్త్ వైరు, జీపీఎస్ ట్రాకర్ బిగించినవారు స్టీరింగ్ కింద కోసి అతికించిన వైర్లు కూడా ఇదే పని చేస్తాయి. ఇవన్నీ చూశాకే స్కానర్ పెట్టి, లోపం కోడ్ చదివి, కొత్త కీ మాట ఎత్తుతాము. ఈ పరీక్షకు 400 రూపాయలు తీసుకుంటాము, కీ అవసరం లేదని తేలినా అంతే.

కీ షెల్, అంటే కీ పై ప్లాస్టిక్ తొడుగు, మార్పించుకునేవారికి ఒక విన్నపం. చాలా కీలలో, అరిగిన పాత షెల్‌లో చిప్ విడిగా, ఒక మూలన, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన గాజు గొట్టంలాగో, చిన్న నల్లటి పలకలాగో ఉంటుంది. రిమోటు బోర్డును మాత్రం కొత్త షెల్‌లోకి మార్చి పాతదాన్ని పారవేస్తే చిప్ కూడా చెత్తబుట్టలోకే పోతుంది. రిమోటు చక్కగా పనిచేస్తుంది, తలుపులు తెరుచుకుంటాయి, బండి మాత్రం కదలదు. ఎక్కడ మార్పించుకున్నా సరే, పాత షెల్‌ను అడిగి ఇంటికి తీసుకువెళ్లండి.

కొండ మీద తలనీలాలు ఇచ్చి, స్నానం చేసి, పంచెలో చెక్కుకున్న కీ తడిసిపోయిందని యాత్రికులు తరచుగా మా దగ్గర ఆగుతారు. చాలాసార్లు రిమోటు బోర్డే పాడవుతుంది, గట్టిగా మూసి ఉన్న చిప్ తట్టుకుంటుంది. వెంటనే సెల్లు తీసేసి, కీని నీడన ఆరనివ్వండి, ఎండలో బోనెట్టు మీద పెట్టవద్దు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండ్లలో కీ సెల్లు అయిపోతే, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి గాని, మాన్యువల్‌లో చూపిన చోట పెట్టి గాని నొక్కితే చాలా మోడళ్లు స్టార్ట్ అవుతాయి. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ఆ పేజీ ఒకసారి చదివి పెట్టుకోవడం మంచిది.

మేము చేయని పనులు కూడా చెప్పాలి. ఇమ్మొబిలైజర్‌ను తీసేసి బైపాస్ చేయమని కొందరు అడుగుతారు. దొంగ చేతికి బండి అప్పగించినట్టే అవుతుంది కాబట్టి ఎంత ఇస్తామన్నా చేయము. ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు చూడకుండా ఏ కీ కోయము. ఉన్న కీలన్నీ పోయినప్పుడు కొన్ని కంపెనీల బండ్లకు షోరూము ఇచ్చే సెక్యూరిటీ కోడ్ తప్పనిసరి, కొత్త మోడళ్లలో కొన్నిటిని మా పరికరం అసలు చదవలేదు. అలాంటప్పుడు ఒక్క రూపాయి తీసుకోకుండా మిమ్మల్ని షోరూముకే పంపుతాము. ఒక్క కీ చేతిలో ఉండగా రెండోది చేయించుకోవడం అన్నింటికంటే తేలిక, తక్కువ ఖర్చు కూడా.

గత రెండేళ్లలో మా దగ్గర కొత్త కీ చేయించుకొని, ఆ తరువాత కూడా ఎర్రలైటు కనిపించినవారు మీలో ఇంకా ఉంటే, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, కీలన్నీ తీసుకొని రండి. పరీక్ష ఉచితంగా చేస్తాము, కీ అనవసరంగా చేశామని తేలితే ఆ డబ్బు అదే రోజు తిరిగి ఇస్తాము. ఎండలోనే తప్పు చేసే బండి అయితే మధ్యాహ్నం ఒంటిగంట తరువాత, ఆరుబయట నిలిపి ఉంచిన బండిని అలాగే నేరుగా తీసుకురండి, లోపం మా కళ్ల ముందు కనిపిస్తుంది.