మెడ ధమనుల స్కాన్‌లో చూడవలసింది మందం కాదు

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్ల వయసులోనే మెడ ధమనులకు అల్ట్రాసౌండ్ చేయించుకుంటే గుండెపోటు ముప్పు ముందుగా తెలుస్తుందంటూ మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రోజూ ఈ పరీక్ష చేసే రేడియాలజిస్టుగా ఆ ఆలోచనను సమర్థిస్తాను. అయితే వ్యాసమంతా 'ఇంటిమా-మీడియా మందం' (ధమని గోడ లోపలి రెండు పొరల మందం) అనే ఒక్క అంకె చుట్టూనే నడిచింది. నా అభ్యంతరం అక్కడే.

తల పక్కకు తిప్పించి, మెడకు జెల్ రాసి ప్రోబ్ ఆనించగానే కరోటిడ్ ధమని గోడ తెరపై రెండు తెల్లని గీతలుగా, వాటి నడుమ సన్నని నల్లని చారగా కనిపిస్తుంది. ఆ మందం యువతలో సాధారణంగా అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ప్రోబ్ కాస్త వాలినా, కొలిచే చోటు కాస్త జరిగినా అంకె మారిపోతుంది. కొవ్వు పేరుకోకపోయినా వయసు వల్ల, రక్తపోటు వల్ల ఆ పొర మందమెక్కుతుంది. 2010లో ఈ కొలతకు చోటిచ్చిన అమెరికా హృద్రోగ సంఘాలే 2013లో దీన్ని మామూలు వైద్యంలో వాడవద్దన్నాయి.

ప్లాక్ (ధమని గోడలో కొవ్వు పేరుకుని ఏర్పడే బొడిపె) సంగతి వేరు. ధమని రెండుగా చీలే చోట కొంచెం ఉబ్బి ఉంటుంది; అక్కడ బయటి గోడ వెంట రక్తం నెమ్మదించి సుడి తిరుగుతుంది కాబట్టి కొవ్వు తరచుగా అక్కడే చేరుతుంది. గోడలోంచి చిన్న బొడిపె లోపలికి పొడుచుకు వచ్చిందంటే వ్యాధి మొదలైందన్నమాట. యువకుల ప్లాక్‌లో కాల్షియం ఇంకా చేరి ఉండకపోవచ్చు కనుక గుండె ధమనుల్లో కాల్షియం ఎంత పేరుకుందో చెప్పే సీటీ కాల్షియం స్కోరు సున్నా వచ్చినా, ఈ మెత్తని బొడిపెను అల్ట్రాసౌండ్ పట్టుకోగలదు, అదీ రేడియేషన్ లేకుండా.

ఇంత చిన్న వయసులో ప్లాక్ ఏమిటని ఆశ్చర్యపోయేవారు 1953లో వెలువడిన శవపరీక్షల ఫలితాలు గుర్తుచేసుకోవాలి. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల సగటు వయసు 22 ఏళ్లే అయినా, నూటికి 77 మంది గుండె ధమనుల్లో వ్యాధి ఛాయలు కంటికి కనిపించాయి. రాబోయే పదేళ్లలో గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని అంచనా వేసే 'పదేళ్ల ముప్పు' లెక్కల్లో వయసుదే పెద్ద వాటా కావడంతో, పొగతాగే యువకుడు కూడా 'తక్కువ ముప్పు' గడిలోనే పడతాడు. తండ్రికి 45వ ఏట గుండెపోటు వచ్చిన ఒక 34 ఏళ్ల యువకుడిని అలాగే భయం లేదని పంపేశారు. నా దగ్గర స్కాన్‌లో ప్లాక్ బయటపడింది. తెరపై ఆ బొడిపె మీద వేలు పెట్టి, "ఇది నాదేనా?" అని అడిగి చాలాసేపు మాట్లాడలేదు. తన ధమని బొమ్మ తాను చూడడానికి విలువ ఉంది: స్వీడన్‌లో 40 నుంచి 60 ఏళ్ల మధ్యవారు 3,532 మందితో చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో, స్కాన్ బొమ్మలు అందుకున్నవారి ముప్పు ఏడాది తర్వాత మిగతావారికన్నా తగ్గింది.

అలాగని శిబిరాలు పెట్టి అందరి మెడలూ స్కాన్ చేయమనడం లేదు. లక్షణాలు లేనివారిలో కరోటిడ్ సన్నబడిందేమోనని సామూహికంగా వెతకడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2021లో మళ్లీ తేల్చింది. కుటుంబంలో చిన్న వయసు గుండెజబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు, పొగతాగే అలవాటు ఉండి, చికిత్స విషయంలో వైద్యుడు ఎటూ తేల్చుకోలేకపోతున్నప్పుడు మాత్రం ఈ పరీక్ష ఎంతో ఉపకరిస్తుంది. రిపోర్టులో కూడా 'అడ్డంకి లేదు' అని ఊరుకోకుండా, ప్లాక్ ఉందా, ఎక్కడ ఉంది, ఎంత ఎత్తు ఉంది అన్నవి రాయాలి.

మెడ శుభ్రంగా ఉందన్న రిపోర్టు చూసి మందులు మానేసినవారినీ చూశాను. ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటిన యువకుడికి స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా చికిత్స తప్పదన్న సంగతి కూడా మీ పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
ఒక రేడియాలజిస్టు