రంభ నీటి నుంచి సాబిల్ సరస్సు దాకా: మాకు సాయపడిన వారందరికీ కృతజ్ఞతలు

బరంపురంలో మా వీధివారికి, గోపాలపురంలోని మత్స్యకారుల వాడ నోలియా సాహి పెద్దలకు, చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న రంభ ఊరిలో మాకు పడవ ఇచ్చిన కుటుంబానికి, మిన్నెసోటాలో స్థిరపడిన శ్రీకాకుళం దంపతులకు నమస్కారాలు. సెప్టెంబరు మొదటి వారంలో నేను, మా వారు, మా అమ్మాయి, అల్లుడు కలిసి అమెరికా ఉత్తరపు అంచున ఉన్న బౌండరీ వాటర్స్ అడవిలో ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు తెడ్లు వేసుకుంటూ వెళ్ళి, నాలుగు రాత్రులు గుడారాల్లో గడిపి క్షేమంగా తిరిగి వచ్చాము. ప్రయాణం ఐదు రోజులదే గాని దాని ఏర్పాట్లకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో మాకు అండగా నిలిచిన వారిలో చాలామంది తమ పేర్లు రాయవద్దని కోరారు కాబట్టి, ఎవరు ఏమి చేశారో మాత్రమే రాస్తున్నాను.

బౌండరీ వాటర్స్ గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. కెనడా సరిహద్దును ఆనుకుని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న ఆ అడవి విస్తీర్ణం సుమారు 10.9 లక్షల ఎకరాలు. అందులో వెయ్యికి పైగా సరస్సులు ఉన్నాయి. చాలా సరస్సుల్లో మోటారు పడవలకు అనుమతి లేదు, కాబట్టి కనూ అనే తేలికైన, సన్నని తెడ్ల పడవలోనే వెళ్ళాలి. ఒక సరస్సు అంచుకు చేరాక పడవను, సామానును భుజాన వేసుకుని అడవిబాట వెంట రెండో సరస్సుకు నడవాలి. ఆ బాటను పోర్టేజ్ అంటారు. దాని దూరాన్ని అడుగుల్లోనో మీటర్లలోనో కాక రాడ్లలో చెబుతారు. ఒక రాడ్డు 16.5 అడుగులు, అంటే ఇంచుమించు ఒక కనూ పొడవు.

మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అక్కడ రాత్రి బస చేయడానికి ముందే అనుమతి తీసుకోవాలి. ఏ రోజు ఏ ప్రవేశ స్థలం నుంచి లోపలికి వెళతామో ముందే చెప్పాలి. ఒక్కో చోట రోజుకు ఇన్ని బృందాలకే అని లెక్క ఉంటుంది. ఒక బృందంలో 9 మందికి, 4 పడవలకు మించకూడదు. జనవరి చివరి బుధవారం అక్కడి ఉదయం 9 గంటలకు, అంటే మనకు రాత్రి 8:30కి, ఆ అనుమతులు తెరుచుకుంటాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఇంటర్నెట్ పోతే, ఎదురింటి బాబు తన ల్యాప్‌టాప్ తెచ్చి, మా అమ్మాయితో ఫోనులో మాట్లాడుతూ సాబిల్ సరస్సు ప్రవేశానికి అనుమతి సంపాదించి పెట్టాడు. మరునాడు వాడికి పరీక్ష ఉందని నాకు తరువాత తెలిసింది. నాయనా, నీ మేలు మరువను.

మిన్నెసోటాలోని దంపతులు చేసిన మేలు మమ్మల్ని ఆపడం. మేము మొదట వేసుకున్న పథకంలో బెత్, గ్రేస్, ఫీబీ, హేజెల్, పాలీ అని వరుసగా ఆడపేర్లున్న సరస్సులన్నీ ఉన్నాయి. ఆ దారికి లేడీ చైన్ అనే పేరు కూడా ఉంది. ఆ పేర్లు చూసి నేను ఎంతో ముచ్చటపడ్డాను. అక్కడ మూడుసార్లు తిరిగివచ్చిన ఆ దంపతులు ఒక ఆదివారం రెండు గంటలు వీడియోలో కూర్చుని, కాగితం మీద లెక్క వేసి చూపించారు. సాబిల్ పక్కనున్న ఆల్టన్ సరస్సు నుంచి బెత్ సరస్సుకు పోర్టేజ్ సుమారు 140 రాడ్లు, అంటే దాదాపు 700 మీటర్లు. సామాను ఒక్క విడతలో మోయలేనివారు ఒకసారి మోసి, వట్టి చేతులతో వెనక్కు వచ్చి, మళ్ళీ మోయాలి కాబట్టి ఆ 700 మీటర్లు మాకు 2,100 మీటర్లు అవుతాయి. దాని తరువాత గ్రేస్ సరస్సుకు వెళ్ళే బాట అంతకు రెట్టింపు. "అక్కయ్యా, గ్రేస్ దాకా వెళ్ళి రెండు రాత్రులు ఉండి వెనక్కు రండి, మిగిలిన సరస్సులు ఎక్కడికీ పోవు" అని ఆవిడ చెప్పిన మాట ఆనాడు నాకు కొంచెం బాధ కలిగించింది. బెత్ ఒడ్డున రెండో విడత మూట దించి కూర్చున్నప్పుడు ఆ మాట విలువ తెలిసింది.

ఇక గోపాలపురం తాతగారి గురించి. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో మన దేశం నుంచి 1981లో మొట్టమొదట చేరిన రెండింటిలో ఒకటైన చిల్కా మా ఇంటికి ఇంత దగ్గరలో ఉన్నా, యాభైతొమ్మిదేళ్ళు దాన్ని ఒడ్డు నుంచో రైలు కిటికీ నుంచో చూసినదాన్నే తప్ప, చేత తెడ్డు పట్టిన దాన్ని కాదు. నోలియా సాహిలో నా దగ్గర చదువుకున్న అబ్బాయి తన తాతగారితో మాట్లాడి, రంభలో వారికి తెలిసిన ఒడియా మత్స్యకారుల ఇంటి నుంచి చిన్న పడవ ఇప్పించాడు. ఫిబ్రవరి నుంచి మే దాకా, వీలైన ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఆయన మమ్మల్ని నీటి మీదికి తీసుకువెళ్ళారు. డెబ్బై దాటిన మనిషి. ఒక్కనాడూ రూపాయి పుచ్చుకోలేదు.

ఆయన చెప్పిన పాఠాలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎదురుగాలి ఉన్నప్పుడు మూటల బరువు అణియం వైపు, అంటే పడవ ముందు కొసకు కాస్త జరపాలి, గాలి వెనుక నుంచి వీస్తే అమరం వైపు, అంటే వెనుక కొసకు జరపాలి, బరువు ఎప్పుడూ పడవ అడుగుకు ఆని ఉండాలి. అలలు లేచినప్పుడు పడవను వాటికి అడ్డం తిప్పకూడదు, కొంచెం ఏటవాలుగా ఎక్కించాలి. పడవలో నిలబడి చోటు మారకూడదు, భయం వేస్తే మోకాళ్ళ మీద కూర్చోవాలి. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట, "పొద్దెక్కకముందే పెద్దనీళ్ళు దాటీయండమ్మా, తరవాత గాలి మన మాట వినదు" అన్నది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆయనకు ఒంట్లో బాగులేక రాలేకపోతే, నేను, మా వారు ఇద్దరమే పడవ తీసుకుని చిల్కాలోని బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే చిన్న ద్వీపం వైపు ఆలస్యంగా బయలుదేరాము. పదకొండు గంటలకు దక్షిణపు గాలి లేచింది. ఎంత తెడ్డు వేసినా ముందుకు కదలక, చివరకు వలలు కట్టిన వెదురు గెడలను పట్టుకుని వేలాడుతూ ఉండిపోయాము. రొయ్యల వలలు చూసుకోవడానికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు మా పడవను తమ పడవకు కట్టి ఒడ్డుకు చేర్చారు. వారు ఎవరో ఇప్పటికీ కనుక్కోలేకపోయాను. ఈ మాటలు ఎవరి ద్వారానైనా వారికి చేరితే సంతోషిస్తాను. ఆనాటి సంగతి విన్న తాతగారు మమ్మల్ని కోప్పడలేదు. వచ్చే ఆదివారం ఇంకో గంట ముందు రమ్మన్నారు, అంతే.

కనూను ఎలా మోస్తారో వీడియోలో చూపించినప్పుడు ఆయన చాలా సేపు శ్రద్ధగా చూశారు. పడవ మధ్యలో భుజాలకు ఆనే అడ్డకొయ్య ఒకటి ఉంటుంది. పడవను తల మీదుగా బోర్లించి, ఆ కొయ్యను భుజాల మీద ఆనించుకుని నడవాలి. కావడి మోసేవాడు భుజం మార్చుకుంటూ పోతాడు, దీనికి ఆ వీలు లేదు కాబట్టి మెడ వెనుక తువ్వాలు మడిచి పెట్టుకోమని మా అల్లుడికి చెప్పమన్నారు. అల్లుడు అలాగే చేశాడు. మేము అద్దెకు తీసుకున్న కనూలు కెవ్లార్ అనే తేలికైన, గట్టి నారతో చేసినవి, ఒక్కొక్కటి 19 కిలోలే. అయినా 700 మీటర్ల రాళ్ళబాటలో ఆ మడిచిన తువ్వాలే అతని మెడను కాపాడింది.

నాతో పాటు పనిచేసి పదవీ విరమణ చేసిన ఒడియా భూగోళశాస్త్రం మాస్టారు, ఫోను సిగ్నల్ అందని చోట మ్యాపు, దిక్సూచితో దారి పట్టుకోవడం మాకు నేర్పారు. మ్యాపును మన ముఖం వైపుకు కాదు, ఉత్తరం వైపుకు తిప్పి పట్టుకోవాలని ఆయన పదేపదే చెప్పకపోతే, ద్వీపాలన్నీ ఒడ్డులాగే కనిపించే ఆల్టన్‌లో మేము తప్పకుండా దారి తప్పేవాళ్ళం. ఈ ఉత్తరాన్ని ఆయనకు నేనే ఒడియాలో చదివి వినిపిస్తాను. మా వారి మోకాలిని చూసి, వ్యాయామాలు చెప్పి, మందులు వాటి అసలు డబ్బాల్లోనే ఉంచమన్న డాక్టరు గారికి కూడా మా నమస్కారాలు.

తిండి ఏర్పాటు మొత్తం పక్కింటి వదినగారిదే. ఆ అడవిలోకి గాజు సీసాల్లో గాని, రేకు డబ్బాల్లో గాని తిండి తీసుకువెళ్ళకూడదు. మన దేశం నుంచి సామానులో బియ్యం అమెరికాకు తీసుకుపోకూడదు. అందుకని ఆవిడ ఏది ఇక్కడ చేయాలో, ఏది అక్కడ చేయాలో రెండుగా విడదీశారు. పొడులు, చింతపండు, బరంపురం అప్పడాలు ఇక్కడి నుంచి. వండిన పప్పును పలుచగా పరిచి ఎండబెట్టడం, రవ్వ వేయించి పూటకొక సంచిగా కట్టడం మా అమ్మాయి ఇంట్లో. ఆవిడ రాసి ఇచ్చిన కొలతలు ఎంత కచ్చితమంటే, చివరి రోజు మా దగ్గర ఒక్క పూట రవ్వ మాత్రమే మిగిలింది. నలుగురికి ఐదు రోజుల తిండి ఒక్క సంచిలో పట్టింది. ఎలుగుబంట్లకు అందకుండా ఆ సంచిని నేలకు 12 అడుగుల ఎత్తున, చెట్టు మాను నుంచి 6 అడుగుల దూరంలో తాడుతో వేలాడదీయాలి. ఉట్టి కట్టడం అనుకుంటే సరిపోతుందని వదినగారు ముందే చెప్పారు. అది ఉట్టి కట్టడమే. బస స్థలంలో అటవీ శాఖ పెట్టిన ఇనుప జల్లెడ పొయ్యి మీద అప్పడాలు కాల్చుకున్న సాయంకాలం, నీటి అవతల లూన్ పక్షులు కూస్తుండగా, ఆవిడను తలచుకోని వారు మాలో లేరు.

తిరుగు ప్రయాణంలో ఆల్టన్ దాటవలసిన రోజున మేము చీకటితోనే లేచి గుడారాలు విప్పాము. నీరు అద్దంలా ఉంది. సాబిల్ వైపు 30 రాడ్ల చిన్న పోర్టేజ్ చేరి వెనక్కు చూసేసరికి సరస్సు మధ్యలో తెల్లని నురగలు లేస్తున్నాయి. మా వారు తెడ్డు పక్కన పెట్టి, గోపాలపురం వైపని తనకు తోచిన దిక్కుకు తిరిగి చేతులు జోడించారు.

మేము దారి పట్టుకున్న మ్యాపును చూపించమని తాతగారు నాకు చెప్పి ఉన్నారు. ఏ రోజు ఏ వైపు గాలి వచ్చిందో, ఎక్కడ దాటామో దాని మీద మా అమ్మాయి తెలుగులో గుర్తులు పెట్టింది. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున, ఒడిశాలో చిన్న పడవలను నీటిలో వదిలే బోయిత బందాణ పండుగకు మేము రంభ ఒడ్డునే ఉంటాము. ఆయన నాకోసం చెక్కి ఇచ్చిన తెడ్డు, ఆ మ్యాపు రెండూ తెస్తాను. పైన చెప్పిన వారందరూ వీలు చేసుకుని రావాలని, ఆ అన్నదమ్ములిద్దరూ కూడా రావాలని కోరుతున్నాను.