మార్కెట్ డ్రేటన్ అంటే క్లైవ్ ఒక్కడేనా?

సంపాదకులు గారికి,

ప్లాసీ యుద్ధం గెలిచిన ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ పుట్టిన ఊరంటూ ఇంగ్లండ్‌లోని మార్కెట్ డ్రేటన్ మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి వారం పైనే అయింది. అందులోని తప్పుల గురించి ఎవరో ఒకరు రాస్తారులే అని చూశాను. ఎవరూ రాయలేదు. పైగా మా బంధువులు వాట్సాప్‌లో "మీ ఊరి గురించి పడింది, చూశావా" అంటూ నాకే పంపిస్తున్నారు. నేను బందరు వాణ్ణి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని ఈ దేశం వచ్చి, డ్రేటన్ ఉన్న ష్రాప్‌షైర్ కౌంటీ పల్లెల మధ్య ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. డ్రేటన్ బుధవారం సంతకి పెళ్లయిన కొత్తలో మా ఆవిడతో వెళ్లడం మొదలుపెట్టాను, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. అందుకని నాకు కోపం వచ్చింది, దాచుకోను.

మొదటి తప్పు, క్లైవ్ పుట్టింది ఆ ఊళ్లో కాదు. ఊరికి కొన్ని మైళ్ల దూరంలో మోర్టన్ సే అనే పల్లె దగ్గర స్టైచ్ హాల్ అనే ఇంట్లో, 1725లో. ఆయన్ని పాతిపెట్టింది కూడా ఆ పల్లె చర్చిలోనే. మీరు వేసిన క్లైవ్ విగ్రహం ఫొటో ష్రూస్‌బరీ అనే వేరే ఊరి నడిబొడ్డున ఉన్నది. అక్కడికి డ్రేటన్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. ఆ విగ్రహాన్ని తీసెయ్యాలని 2020లో ఎంత గొడవ జరిగిందో, చివరికి ఉంచాలనే ఎలా తీర్మానించారో ఒక్క ముక్క లేదు.

రెండోది ఇంకా ఘోరం. డ్రేటన్ అల్లం రొట్టెకి, అంటే జింజర్‌బ్రెడ్‌కి పేరు, నిజమే. ఊళ్లోకి వచ్చే దారిలో బోర్డు మీద కూడా ఆ మాటే ఉంటుంది. కానీ మన దేశం నుంచి క్లైవ్ అల్లం తెచ్చి ఈ ఊరికి ఆ రొట్టె నేర్పాడని రాసేశారు! ఇక్కడ కొందరు సరదాగా చెప్పుకునే కథ అది. క్లైవ్ పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఇంగ్లండ్ వాళ్లు అల్లం వాడుతున్నారు, అల్లం రొట్టెలూ చేసుకుంటున్నారు. డ్రేటన్‌లో ఆ రొట్టె చేసినట్టు కాగితం మీద కనిపించేది 1793లో, క్లైవ్ చచ్చిపోయింది 1774లో. రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకునే ఓపిక కూడా లేకపోయిందా మీ డెస్కులో? ఒకప్పుడు మీ పత్రికలో చిన్న ఊరి పేరు తప్పు పడినా మర్నాడు సవరణ వచ్చేది. మా నాన్నగారు ఆ సవరణలు పైకి చదివి వినిపించేవారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిందల్లా ఎత్తి పోస్తున్నారు.

"ఇంతకు మించి చూడటానికి ఏమీ లేని నిద్రమత్తు ఊరు" అని ముగించారు చూడండి, అసలు బాధ అక్కడ. మూడో హెన్రీ రాజు 1245లో ఇచ్చిన పత్రంతో మొదలైన బుధవారం సంత అది. ఇంకా నడుస్తోంది. రాజులు మారారు, 1651లో అగ్నిప్రమాదం జరిగి ఊరు చాలా భాగం కాలిపోయింది, మళ్లీ కట్టుకున్నారు, బుధవారం మాత్రం మారలేదు. ఊరి మధ్యలో బటర్ క్రాస్ అని స్తంభాల మీద నిలబెట్టిన కప్పు ఉంది, పల్లెల ఆడవాళ్లు వెన్న, గుడ్లు తెచ్చి అమ్ముకోవడానికి 1842లో కట్టింది. ఒకసారి వానలో దాని కింద నిలబడితే, ముసలాయన ఒకాయన మా ఆవిడకి గుడ్డు తాజాదో కాదో ఎలా చూడాలో చెప్పాడు. మా అమ్మమ్మ చెప్పేదీ అదే పద్ధతి. ఓట్‌కేక్ అని మన అట్టులా ఉండే పదార్థం పెనం మీద వేడివేడిగా వేసి ఇస్తారు. జున్ను వాసన, పూలమొక్కలు, పెద్ద గొంతుతో ధరలు అరిచే కూరగాయల అతను, ఇదీ ఊరంటే.

ఇంగ్లండ్‌లో పాత న్యాయసూత్రం ఒకటి ఉంది. అనుమతి ఉన్న సంతకి ఆరు మైళ్లు, ఆపైన మైలులో మూడింట రెండు వంతుల దూరం లోపల ఇంకో సంత పెట్టకూడదు. మనిషి రోజుకి ఇరవై మైళ్లు నడవగలడు, ఆ రోజుని మూడు వంతులు చేస్తే ఒక వంతు పోవడానికి, ఒక వంతు బేరాలకి, ఒక వంతు చీకటి పడక ముందే ఇల్లు చేరడానికి అని 13వ శతాబ్దపు న్యాయ గ్రంథంలోనే లెక్క కట్టారు. సరుకు తెచ్చుకునే రైతు కాళ్లని బట్టి చట్టం రాశారన్నమాట. ఇలాంటిది ఒక్కటి మీ వ్యాసంలో ఉంటే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాదు.

2001లో పశువులకి గాలికుంటు వచ్చినప్పుడు దేశమంతా పశువుల సంతలు ఆపేశారు. 60 లక్షలకి పైగా పశువుల్ని, గొర్రెల్ని చంపేశారు. ఆ నెలల్లో రైతులు బీపీ చూపించుకోవడానికని వచ్చి నా ఎదురుగా మాట్లాడకుండా కూర్చునేవారు. పెద్దవాళ్లకైతే 1967లో ఇదే కౌంటీలో మొదలైన గాలికుంటు కూడా గుర్తే. ఏ మందు రాయాలో నాకు తెలిసేది కాదు, కూర్చోనిచ్చేవాణ్ణి. వాళ్ల ఊరిని మీరు నిద్రమత్తు ఊరన్నారు.

ఇక్కడి అధికారులు గొప్పవాళ్లని నేననడం లేదు. 1963లో ప్రయాణికుల రైళ్లు ఆపేశారు, ఆ ఊరికి ఈనాటికీ రైలు లేదు. బస్సులు తగ్గాయి, చిన్న ఊళ్లలో బ్యాంకులు ఒక్కొక్కటే మూసుకున్నాయి, సంతలో బల్లలు పలచబడ్డాయి. కారు నడపలేని ముసలివాళ్లు ఏమైపోవాలో ఆఫీసుల్లో కూర్చున్న వాళ్లకి పట్టదు. ఆ విషయంలో ఈ దేశానికీ మన దేశానికీ తేడా లేదు.

మన దగ్గర సంతల సంగతి చూడండి. ఏటేటా ఆశీలు వేలం వేసి డబ్బు లెక్కపెట్టుకుంటారు. తల మీద బుట్ట పెట్టుకుని వచ్చిన మనిషి దగ్గర కూడా వసూలు చేస్తారు. ఆ మనిషికి నీడ లేదు, తాగడానికి నీళ్లు లేవు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు, వాన పడితే బురదలోనే బేరం. అలమండ పశువుల సంత ఎప్పటినుంచి ఉందో, అరకు శుక్రవారం సంతకి ఏ కొండ నుంచి ఎవరు ఏం తెస్తారో మీ అనుబంధంలో ఎన్నిసార్లు రాశారు? ఎవరైనా పెద్దాయన చెబుతుంటే రాసుకున్నారా?

క్లైవ్ గురించి రాయవద్దని కూడా అనడం లేదు. కుర్రాడిగా డ్రేటన్ దుకాణాల దగ్గర మామూళ్లు వసూలు చేశాడని ఇక్కడ చెప్పుకుంటారు, అది మీవాళ్లకి చిలిపితనంగా కనిపించింది. ప్లాసీ తర్వాత బెంగాల్లో మూటగట్టుకున్నది 2 లక్షల 34 వేల పౌన్లు, అది రాయలేదు. అంతకన్నా మనకి కావలసింది, 1758లో ఆయన కల్నల్ ఫోర్డ్‌ని ఫ్రెంచివాళ్ల మీదికి మన తీరానికి పంపడం. ఆ డిసెంబరులో పిఠాపురం పక్కనున్న చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మా బందరు కోట ఇంగ్లీషువాళ్ల వశమైంది, 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా పుట్టించుకున్నారు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన కథ ఇది. తెలుగు పత్రిక క్లైవ్ మీద వ్యాసం వేసి చందుర్తి పేరు ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు? బందరు కోట ఎలా పాడుబడి ఉందో వెళ్లి చూసినవాళ్లకి తెలుసు. పురావస్తు శాఖ బోర్డు పెడితే కోట నిలబడదు.

కాబట్టి నేనడిగేది ఇది. అల్లం రొట్టె, పుట్టిన ఊరు, ఫొటో, ఈ మూడింటికీ సవరణ వేయండి, లోపలి పేజీలో మూల కాదు, అదే అనుబంధంలో. చందుర్తికి మీ విలేఖరిని పంపి అక్కడ ఏం మిగిలిందో రాయించండి. జిల్లాల్లో వారపు సంతల గురించి పాఠకుల్ని రాయమని అడగండి, ముఖ్యంగా ఎనభై దాటినవాళ్ల చేత చెప్పించుకుని రాయమనండి. డ్రేటన్ సంత గురించి రాయడానికి మనిషి కావాలంటే నేనున్నాను, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డాక్టరు,
ష్రాప్‌షైర్, ఇంగ్లండ్ (స్వస్థలం మచిలీపట్నం)