పాత కారు తనిఖీలో వాక్యూమ్ గేజ్‌కూ చోటుండాలి

సంపాదకులకు,

అయ్యా,

పాత కార్లు అమ్మేటప్పుడు ఇంజన్ బాగుందనడానికి కారులోని కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ ఇచ్చిన కాగితాన్నే రుజువుగా చూపడం మామూలైపోయింది. అలాంటి కాగితాన్ని నమ్మి నేను కొన్న కారులో ఒక ఎగ్జాస్ట్ వాల్వు (సిలిండర్ నుంచి పొగను బయటికి వదిలే మూత) అంచు కాలిపోయి ఉందని నెల తిరక్కముందే తేలింది. స్కానర్ అబద్ధమాడలేదు. సెన్సర్లకు అందిన తేడాలనే అది చెబుతుంది. వాల్వులు, పిస్టన్ రింగుల అరుగుదల ముదిరేదాకా చాలాసార్లు దాని కంట పడదు.

ఆ లోపాన్ని బయటపెట్టింది ఒక పాతతరం మెకానిక్ తగిలించిన వాక్యూమ్ గేజ్, అంటే ఇంజన్ గాలిని ఎంత బలంగా లాగుతోందో ముల్లుతో చూపే మీటరు. పెట్రోల్ ఇంజన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు, లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కనుక, పిస్టన్లు కిందికి దిగుతూ గాలిని లాగేకొద్దీ సిలిండర్లకు గాలిని చేర్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఏర్పడుతుంది. బాగున్న ఇంజన్ వేడెక్కాక, సముద్రమట్టం దగ్గర ముల్లు 17 నుంచి 22 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) మధ్య కదలకుండా నిలుస్తుంది. మా కారులో అది ఒకే లయలో పడి లేస్తూ ఉంది; ఏదో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదనడానికి అది గుర్తు. ముల్లు నిలకడగానే ఉండి అంకె బాగా తక్కువైతే మానిఫోల్డ్‌లో గాలి లీకునో, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడటాన్నో అనుమానించాలి. ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర పట్టి ఉంచినప్పుడు అంకె మెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ గాని, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ గాని పూడుకుపోయిందేమో చూడాలి.

గేజ్ సర్వజ్ఞ కాదు. కాలిన వాల్వు ఏ సిలిండర్‌దో తేల్చడానికి మాకు ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష కూడా అవసరమైంది. థ్రాటిల్‌తో గాలిని అదుపు చేయని డీజిల్ ఇంజన్లకు ఈ లెక్కలు వర్తించవు. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకూ అంకె సుమారు ఒక అంగుళం తగ్గుతుంది గనుక, అది తెలియనివారు కొండ ప్రాంతంలో మంచి ఇంజన్‌నే చెడిపోయిందనుకునే ప్రమాదమూ ఉంది. అయితే ఈ పరిమితులు నేర్పితే తెలిసేవే. వాటిని సాకుగా చూపి, ఒక్క రబ్బరు గొట్టం తగిలిస్తే అయిపోయే పరీక్షను పక్కన పెట్టేయడం నాకు సమంజసంగా తోచదు.

కాబట్టి మెకానిక్ శిక్షణ సంస్థలు ముల్లు కదలికలను చదవడం విద్యార్థుల చేత ఇంజన్ మీదే సాధన చేయించాలి. పాత పెట్రోల్ కార్లకు తనిఖీ పత్రం ఇచ్చేవారు వేడెక్కిన ఇంజన్ వాక్యూమ్ అంకెను, ముల్లు నిలకడను, అప్పటి ఆర్‌పీఎంను, పరీక్షించిన చోటి ఎత్తును అందులో నమోదు చేసి, కొనేవారి ఎదుటే సంతకం చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు