టాంగా ఓటమికి సిపాయిలను నిందించడం న్యాయం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో, తేనెటీగలు ఒక సైన్యాన్ని తరిమికొట్టిన వింత అంటూ వచ్చిన చిన్న వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. 1914 నవంబరులో జర్మన్ తూర్పు ఆఫ్రికాలోని, అంటే నేటి టాంజానియాలోని, టాంగా రేవు మీద బ్రిటిష్ వారు జరిపిన దాడి గురించిన వ్యాసం అది. దాడికి వెళ్లిన సేనలో అత్యధికులు భారతీయులన్న సంగతి అందులో ఒక్క వాక్యంలో వచ్చింది. ఆ వాక్యం కూడా, శిక్షణ చాలని సిపాయిలు కాళ్లకు బుద్ధి చెప్పారన్న మాటతో ముగిసింది. నూట పదేళ్లు దాటినా ఇదే మాట తిరుగుతూ ఉండడం, అదీ మన భాషలో, మన పత్రికలో రావడం నాకు బాధ కలిగించింది. టాంగాలో ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పడానికి చోటివ్వగలరని ఆశిస్తున్నాను.

అది సైన్యాన్ని దించడానికి తేలికైన రేవు కాదు. పట్టణం ఒక అఖాతం లోపల ఒదిగి గట్టు మీద ఉంటుంది. చుట్టూ మడ చెట్లు, బురద. తూర్పున సముద్రంలోకి రాస్ కసోనే అనే కొమ్ము పొడుచుకు వచ్చి ఉంటుంది. దానికీ పట్టణానికీ మధ్య కొబ్బరి, రబ్బరు తోటలూ, నాలుగడుగుల అవతల మనిషి కనబడనంత దట్టమైన పొదలూ ఉండేవి. రేవు నుంచి ఉసంబర రైలు మార్గం కిలిమంజారో కొండ దిగువన ఉన్న మోషి దాకా వెళుతుంది. జర్మన్ సేనాపతి లెట్టో-ఫోర్బెక్ బలగంలో ఎక్కువ భాగం ఆ మోషి వైపే ఉంది. అందువల్ల టాంగాను పట్టుకోవాలంటే, ఆ బలగం రైలెక్కి దిగివచ్చే లోపల పట్టుకోవాలి. అక్కడ మిగతా లెక్కలన్నీ ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

మేజర్ జనరల్ ఎయిట్కెన్ కింద దాదాపు 8,000 మంది సేన అక్టోబరు 16న బొంబాయి నుంచి బయలుదేరింది. ఒకే ఒక బ్రిటిష్ పటాలం, రెండవ లాయల్ నార్త్ లాంకషైర్, అందులో ఉంది. మిగిలినవి మద్రాసుకు చెందిన 63వ పాలంకోట లైట్ ఇన్ఫాంట్రీ, 61వ పయొనీర్లు, 13వ రాజపుత్రులు, 101వ గ్రెనేడియర్లు, 98వ ఇన్ఫాంట్రీ, కాశ్మీరు, గ్వాలియరు సంస్థానాల దళాలు. ఇవి అంతకు ముందు కలిసి పనిచేసిన దళాలు కావు. కొందరి చేతికి కొత్త రైఫిళ్లు సరిగ్గా బయలుదేరే ముందు మాత్రమే వచ్చాయి. వాటితో గురి చూసి కాల్చడం అలవాటయ్యే వ్యవధి కూడా వారికి దొరకలేదు. ఓడల్లో కిక్కిరిసి, ఉక్కపోతలో, సముద్రపు వాంతులతో రెండు వారాలకు పైగా గడిపిన మనుషులు వారు. దగ్గరలోని బ్రిటిష్ రేవు మొంబాసాలో ఒడ్డున దింపి నాలుగు రోజులు కాళ్లు చాపుకోనిద్దామన్న ఆలోచనను సేనాపతి అంగీకరించలేదు. ఆ నేలా, ఆ పొదలూ తెలిసిన కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్ అనే స్థానిక బ్రిటిష్ దళం వారు ముందుగా దిగి దారి కాస్తామంటే అదీ అక్కరలేదన్నాడు. సిపాయిల నాణ్యతను గురించి మాట్లాడేవారు ముందుగా ఈ రెండు నిర్ణయాలను గురించి మాట్లాడాలి.

ఇక నవంబరు 2 ఉదయం జరిగినది చూడండి. ఫాక్స్ అనే యుద్ధనౌక ఒంటరిగా రేవు ముందుకు వెళ్లింది. దాని కెప్టెన్ కాల్‌ఫీల్డ్, జర్మన్ జిల్లా అధికారి అవురాకర్‌ను ఓడ మీదికి పిలిపించి, గంటలో పట్టణం అప్పగించకపోతే గుళ్లు కురిపిస్తానని హెచ్చరించాడు. యుద్ధం మొదట్లో టాంగా, దార్ ఎస్ సలాం రేవుల విషయంలో స్థానికంగా కుదిరిన ఒక ఒప్పందం ఉండేది. దాన్ని లండన్ ఆమోదించలేదు. ఆ ఒప్పందం ఇక చెల్లదని ముందుగా తెలియజేయడమే మర్యాద అని నౌకాదళం వారు భావించారు. మర్యాద సంగతి ఎలా ఉన్నా, రేవులో మైన్లు, అంటే ఓడ తగిలితే పేలే మందుపాతరలు, ఉన్నాయా అని కాల్‌ఫీల్డ్ అడిగితే అవురాకర్ జవాబు చెప్పలేదు. ఆ మౌనం చాలు, నౌకాదళం మైన్లు వెతుక్కుంటూ కూర్చుంది. చివరికి తేలింది ఏమిటంటే అక్కడ మైన్లు లేవు. ఈలోగా అవురాకర్ లెట్టో-ఫోర్బెక్‌కు తంతి కొట్టి, స్త్రీలనూ పిల్లలనూ ఊరు దాటించి, తానూ సైనిక దుస్తులు వేసుకుని దళంలో చేరాడు. మోషి నుంచి రైళ్లు కదిలాయి.

ఉదయం ఏడు గంటల ప్రాంతంలో హెచ్చరిక చేసి, మొదటి సిపాయిని ఒడ్డున దింపింది రాత్రి పది గంటల ప్రాంతంలో. అది కూడా రేవులో కాదు. మైన్ల భయంతో దూరంగా రాస్ కసోనే కింద, చీకటిలో. లంగరు వేసిన ఓడల నుంచి పడవల్లోకి దిగి, ఆ పడవలు బురదకు తగిలి ఆగిపోతే బరువైన సామానుతో నీళ్లలోకి దూకి, మడ వేళ్ల మధ్య తడుముకుంటూ, నిట్టనిలువు గట్టు ఎక్కవలసి వచ్చింది. 13వ రాజపుత్రులు, 61వ పయొనీర్లు ఆ రాత్రి అలా దిగినవారే. తడిసిన బట్టలతో, నిద్ర లేకుండా, ఎదురుగా ఏముందో చూసి చెప్పే మనిషి లేకుండా, తెల్లవారక ముందే వారిని పట్టణం మీదికి నడిపించారు. పయొనీర్లంటే ప్రధానంగా దారులు వేసే, కందకాలు తవ్వే దళమన్న విషయం కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. అప్పటికి పట్టణంలో ఉన్న జర్మన్ బలగం ఒక కంపెనీకి అటూ ఇటూగానే ఉంది. అయితే రైలు కట్ట చాటున మెషిన్ గన్లతో సిద్ధంగా ఉన్న కంపెనీ అది. కదలికను గమనించడానికి ముందుకు వెళ్లిన అధికారులు తొలి తూటాలకే కూలారు. దళం వెనక్కి తగ్గింది.

మూడో తేదీ మిగతా సేనను దింపడంలో గడిచింది. ఫిరంగులను మాత్రం దింపలేదు. కొండ ప్రాంతాల్లో కంచర గాడిదల మీద మోసుకుపోయే చిన్న ఫిరంగులను ఓడ డెక్కు మీదే ఉంచి అక్కడి నుంచే కాల్పించారు. తోటల చాటున ఎవరు ఎక్కడున్నారో ఓడ మీది వారికి కనబడదు. ఓడల నుంచి పేలిన గుళ్లలో ఒకటి పట్టణంలోని ఆసుపత్రికి తగిలింది. అదే రాత్రి లెట్టో-ఫోర్బెక్ రైలు దిగి, సైకిలు ఎక్కి, నిర్మానుష్యంగా ఉన్న టాంగా వీధుల్లో తిరిగి, రేవు దాకా వెళ్లి దీపాలతో వెలుగుతున్న ఓడలను స్వయంగా చూసి వచ్చాడు. ఒక సేనాపతి పనితనానికీ ఇంకొక సేనాపతి పనితనానికీ ఉన్న తేడా ఆ సైకిలు ప్రయాణంలో కనబడుతుంది. ఎయిట్కెన్ తరఫున ఆ తోటల్లోకి తొంగిచూసిన వారు లేరు.

నాలుగో తేదీ మధ్యాహ్నపు ఎండలో మొత్తం సేన కదిలింది. అప్పటికి లెట్టో-ఫోర్బెక్ దగ్గర వెయ్యి మంది దాకా చేరారు. మొదటి కాల్పులకే 63వ దళం చెదిరిపోయిన మాట నిజం. అంతకు ముందు రోజు దెబ్బతిన్న 13వ దళం నిలదొక్కుకోలేకపోయిన మాటా నిజమే. ఈ నిజాన్ని దాచాలని నా ఉద్దేశం కాదు. కానీ అదే మధ్యాహ్నం కుడి వైపున కాశ్మీరు దళంలోని డోగ్రాలు, గూర్ఖాలు, లాంకషైర్ వారితో కలిసి పట్టణంలోకి చొరబడి, ఇల్లిల్లూ గెలుచుకుంటూ కస్టమ్స్ భవనాన్నీ, అక్కడి పెద్ద హోటలునూ పట్టుకున్న మాట కూడా నిజమే. ఎడమ కొసన 101వ గ్రెనేడియర్ల పక్కన ఎవరూ లేక అంచు తెరిచి ఉండిపోయింది. లెట్టో-ఫోర్బెక్ దాచి ఉంచిన కంపెనీలను సరిగ్గా అక్కడికే తోలాడు. గ్రెనేడియర్లు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నవారు కారు. ఉన్న చోటే పోరాడి తీవ్రంగా నష్టపోయారు. వీరందరినీ "పారిపోయారు" అనే ఒక్క మాటలో చుట్టిపెట్టడం ఏ విధంగా న్యాయం?

తేనెటీగల విషయానికి వస్తే, అక్కడి ప్రజలు దుంగలు తొలిచి చేసిన తేనె పెట్టెలను చెట్లకు వేలాడదీసేవారు. తూటాలకు అవి చెదిరి ఈగలు లేచి 98వ దళం మీద పడ్డాయి. ఇది జరిగినదే. జర్మన్లు తీగలు కట్టి పన్నిన పన్నాగమని ఆ తరువాత పుట్టినది మాత్రం కట్టుకథ. ఈగలకు పక్షపాతం లేదు. అవి జర్మన్ మెషిన్ గన్ల వారిని కూడా కుట్టి కాసేపు పనికిరాకుండా చేశాయి. యుద్ధ ఫలితాన్ని వాటికి అంటగట్టడం వల్ల అసలు ప్రశ్నలు అడగవలసిన వారిని అడగకుండానే అందరూ ఊరుకున్నారు.

నన్ను అన్నిటికన్నా కలచివేసే విషయం ఆ రాత్రిది. చీకటి పడ్డాక జర్మన్ల వైపు ఊదిన ఒక బాకా పిలుపును అపార్థం చేసుకుని వారి కంపెనీలు పట్టణం వదిలి పడమటనున్న తమ విడిదికి వెళ్లిపోయాయి. కొన్ని గంటల పాటు టాంగాలో కాపలా లేదు. ఎయిట్కెన్ ఒక చిన్న దళాన్ని ముందుకు పంపి ఉంటే, పగలంతా నెత్తురు ధారపోసినా దక్కని పట్టణం తూటా పేలకుండా దక్కేది. ఆయన మాత్రం అంతా అయిపోయిందని తీర్మానించి మర్నాడు సేననంతా మళ్లీ ఓడలెక్కించాడు. ఆ తొందరలో మెషిన్ గన్లు, వందల కొద్దీ రైఫిళ్లు, లక్షల కొద్దీ తూటాలు, టెలిఫోన్ సామగ్రి, దుస్తులు ఒడ్డునే వదిలేశారు. దగ్గర సరుకు లేక ఇబ్బంది పడుతున్న లెట్టో-ఫోర్బెక్‌కు అది పెన్నిధి. ఆయన 1918 నవంబరు దాకా లొంగకుండా పోరాడగలగడంలో టాంగా ఒడ్డున దొరికిన సరుకుకూ పాలుంది. మన వైపు చనిపోయినవారూ గాయపడినవారూ కలిపి ఎనిమిది వందలకు పైబడ్డారు.

కష్టమైన రేవులో సైన్యాన్ని దింపడం అసాధ్యమేమీ కాదు. 1950 సెప్టెంబరు 15న కొరియాలోని ఇంచాన్‌లో అమెరికన్లు దిగారు. అక్కడ పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా ముప్పై అడుగుల దాకా ఉంటుంది. పాటు సమయంలో మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. వారు క్లార్క్ అనే నౌకాదళ అధికారిని సుమారు రెండు వారాల ముందే సమీపంలోని దీవికి పంపారు. ఆ బురదలో మనిషి ఎంత లోతు దిగిపోతాడో, గోడ ఎంత ఎత్తుందో కనుక్కున్నారు, ఆ గోడలెక్కడానికి నిచ్చెనలు చేయించుకుని మరీ వెళ్లారు. ఇంచాన్‌తో పోలిస్తే టాంగా ఎంతో సులువైన చోటు. అక్కడ లోపించింది ముందుగా వెళ్లి చూసి రావాలన్న జాగ్రత్త. ఆ జాగ్రత్త పడవలసిన బాధ్యత సిపాయిది కాదు.

ఈ విషయం నేను ఇంతగా పట్టించుకోవడానికి మరొక కారణం కూడా ఉంది. నేను ఉంటున్న బొల్లారం ఒకప్పుడు హైదరాబాద్ కంటింజెంట్‌కు, అంటే నిజాం ఖర్చుతో ఆంగ్లేయ అధికారుల కింద నడిచిన సైన్యానికి, ప్రధాన కంటోన్మెంటు. ఆ దళాల జీతభత్యాల కోసమే నిజాం 1853లో బేరారును ఆంగ్లేయులకు అప్పగించవలసి వచ్చింది. ఈగలు కుట్టిన 98వ ఇన్ఫాంట్రీ ఆ కంటింజెంట్ నుంచి వచ్చినదే. దాని మూలాలు 1788 నాటి బేరారులోని ఎల్లిచ్‌పూర్ దాకా వెళతాయి. అందులోని సిపాయిలు ఎక్కువమంది ఉత్తరాది వారే కావచ్చు. అయినా ఆ పటాలం చరిత్ర ఈ నేల చరిత్రలో భాగం. 1922లో అది 19వ హైదరాబాద్ రెజిమెంటులో నాలుగవ పటాలమైంది, స్వాతంత్ర్యానికి ముందే ఆ రెజిమెంటు కుమావూ (కుమావోన్) పేరు పొందింది. 1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయాన్ని కాపాడుతూ బడ్గాంలో ప్రాణమిచ్చి దేశపు తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఆ నాలుగవ కుమావూ పటాలం వారే. మీ వ్యాసం చదివిన పిల్లలకు ఆ పటాలం గురించి తెలిసేది ఈగలకు జడిసి పరుగెత్తిందన్నది మాత్రమే అయితే, అది మనం వారికి చేసే అన్యాయం.

ఓటమి వార్తను బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని నెలలు తొక్కిపెట్టింది. ఎయిట్కెన్‌కు మళ్లీ యుద్ధరంగంలో పదవి ఇవ్వలేదు. తూర్పు ఆఫ్రికా పోరును భారత ప్రభుత్వ విభాగం చేతుల్లోంచి తీసుకుని లండన్‌లోని యుద్ధ శాఖకు అప్పగించారు. అంటే బాధ్యత ఎక్కడుందో వారికీ తెలుసు. అయినా తరువాతి స్మృతుల్లో, కథల్లో మిగిలింది మాత్రం సిపాయి మీద నింద. ఆఫ్రికాలో మరణించిన భారతీయ, ఆఫ్రికన్ సైనికులలో చాలామంది పేర్లను తాము రాయికి ఎక్కించలేదని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

కనుక నా విన్నపం ఇది. టాంగా గురించి మీ అనుబంధంలోనే మరొక వ్యాసం, పూర్తి స్థాయిలో, రేవు పటంతో సహా వేయించండి. అందులో దిగిన దళాల పేర్లన్నీ ఇవ్వండి. హెచ్చరికకూ దిగడానికీ మధ్య వృథా అయిన పదిహేను గంటల గురించి, కాపలా లేక ఖాళీగా ఉన్న పట్టణం గురించి, ఓడ దిగని ఫిరంగుల గురించి రాయించండి. తేనెటీగలకు కూడా చోటివ్వండి, వాటికి తగినంత.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బొల్లారం, సికింద్రాబాద్