తలకు దెబ్బ తగిలినవాళ్ళను ఇంటికి పంపేటప్పుడు ఒక చీటీ ఇవ్వండి

సంపాదకులు గారికి,

ప్రమాద వార్తల్లో 'స్వల్ప గాయాలతో బయటపడ్డారు' అన్న మాట కనిపిస్తే, ఆ మనిషి తలకు దెబ్బ తగిలిందా అని వెతుక్కుంటాను. నేను వైద్య విద్యార్థులకు అనాటమీ చెబుతాను. పుర్రె పాఠం రోజున ముందుగా ఎండిన పుర్రెను దీపానికి అడ్డంగా పట్టి చూపిస్తాను. చాలా చోట్ల వెలుతురు ఆగిపోతుంది. కణత దగ్గర మాత్రం లోపలికి దిగుతుంది, ఎముక అక్కడ అంత పలచన. నాలుగు ఎముకలు కలిసే చోటు అది. లోపలి వైపు వేలు పెట్టి తడిమితే ఆకు ఈనెల్లాంటి గాడులు తగులుతాయి. మెదడు పైపొరకు రక్తం తీసుకెళ్ళే ధమని ఒరుసుకుపోయిన జాడలవి.

కణత మీద దెబ్బ పడి ఎముక చిట్లితే ఆ ధమని తెగవచ్చు. రక్తం ఒక్క చుక్క కూడా బయటికి రాకపోవచ్చు. ఎముకకూ ఆ పొరకూ మధ్య చేరుతుంది. పెద్దవాళ్ళ పుర్రె సాగదు కాబట్టి రక్తం పెరిగేకొద్దీ మెదడు పక్కకు, కిందికి నొక్కుకుపోతుంది. ఊపిరిని నడిపించే భాగం ఉన్నదీ ఆ కిందే. అయితే ఇదంతా జరిగేలోపు, కాసేపు స్పృహ తప్పిన మనిషి లేచి మామూలుగా మాట్లాడవచ్చు. కొన్ని గంటలు బాగానే ఉండవచ్చు కూడా. నటి నటాషా రిచర్డ్‌సన్ 2009లో స్కీయింగ్ చేస్తూ పడి, మొదట బాగానే ఉన్నానని చెప్పి, రెండు రోజులకే చనిపోయింది ఇలాగే.

మా అన్నయ్య కొడుకు బండి మీద నుంచి పడ్డప్పుడు మోచేతికి కట్టు కట్టి, 'ఏం కాదు, పడుకోబెట్టండి' అని పంపేశారు. ఏం గమనించాలో ఎవరూ చెప్పలేదు. అర్ధరాత్రి వాడి గురక తేడాగా ఉందని మా వదిన లేపబోయింది. లేవలేదు. రెప్ప ఎత్తి చూస్తే ఒక కంటిపాప రెండోదానికంటే బాగా పెద్దదై ఉంది. వెంటనే తీసుకెళ్ళి స్కాన్, ఆపరేషన్ చేయించారు. ఆ రాత్రి మా వదిన మేలుకొని ఉంది కాబట్టి వాడు ఇవాళ మా మధ్య ఉన్నాడు.

అందరికీ స్కాన్ అక్కర్లేదు, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. కానీ తలకు దెబ్బ తగిలి ఇంటికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే భాషలో ఒక చీటీ ఇవ్వడం ఏ ఆసుపత్రికీ భారం కాదు. తలనొప్పి పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులవుతున్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, లేపితే సరిగా లేవకపోయినా వెంటనే తీసుకురమ్మని అందులో ఉండాలి. ముక్కు నుంచో చెవి నుంచో నీళ్ళలా కారితే దాన్ని జలుబు అనుకోవద్దని, దూది కుక్కవద్దని కూడా రాయాలి. పుర్రె అడుగు భాగం చిట్లితే మెదడు చుట్టూ ఉండే ద్రవం అలా కారుతుంది. చంటిపిల్లల మాడు ఉబ్బితే అది కూడా ప్రమాదమే. ఇక పెద్ద వయసు వాళ్ళకూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకూ చిన్న దెబ్బే కొన్ని వారాల తర్వాత బయటపడవచ్చు. అప్పటికి పడ్డ సంగతే ఇంట్లో మరిచిపోయి ఉంటారు.

మీ పత్రిక కూడా ప్రమాద వార్తల పక్కన ఈ లక్షణాలను ఒక చిన్న బాక్సులో వేస్తే బాగుంటుంది. ఆసుపత్రులకు ఇంకొక్క మనవి. దెబ్బ తిన్న మనిషి తనను తాను గమనించుకోలేడు. చీటీని ఆ రాత్రి అతని పక్కన ఉండేవాళ్ళ చేతికే ఇచ్చి, ఒకసారి చదివి వినిపించండి.

– ఒక అనాటమీ అధ్యాపకురాలు